గడ్డ కాదన్నారు

సంతకం, సంతకం అని పొద్దున్నించి ముగ్గురు వచ్చిపోయిరి డాక్టరమ్మా. మొదట ఆ నర్సమ్మ, ఆ తర్వాత మత్తు ఇచ్చే డాక్టరు, ఇప్పుడు మీరు. అందరి చేతిలోనూ అదే కాగితం. నేనేమన్నా పెట్టనంటినా? కండ్లద్దాలు తెచ్చుకోలేదంటి, అంతే కదా.

ఆ... అవును, సంచిలో ఉండేది అద్దాల పెట్టే. సూసేస్తిరా. సరే, అద్దాలుండాయి. సదివేదానికి మనసే రాలా.

కూర్చోండమ్మా, ఈ బెంచీ మీద ఒక ఐదు నిమిషాలు. లోపల వద్దు. ఆయనకి మాట పోయిందే గాని చెవులు బాగుండాయి. తలుపు కాడ గుసగుసలాడితే సాలు, తల ఇట్ల తిప్పి సూస్తాడు. ఈడే, ఈ కిటికీ పక్కన మాట్లాడదాం.

రేపు పొద్దున ఎనిమిదికంటిరి. మల్లా తలకి బొక్క పెట్టి ముక్క తీస్తామంటిరి. పోయినసారి కుడి పక్క, ఈసారి ఎడమ పక్క. అది మాట పుట్టే తావుకి ఆనుకోనుండాది, తీసేటప్పుడు ఏమన్నా అటూ ఇటూ అయితే ఇప్పుడు పోయిన మాట ఇంగ ఎప్పటికీ రాకపోవచ్చు, దానికి కూడా ఒప్పుకోని సంతకం పెట్టమంటిరి. నిన్న పెద్ద డాక్టరు బొమ్మ గీసి మరీ సెప్పినాడు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకోనుండా.

పోయినేడు అట్ల కాదు కదా. ఇదే కుప్పంలో, ఇదే ఆస్పత్రిలో ఇట్లాంటి కాగితమే ఇస్తే, సదవకుండా పెట్టేస్తిని. విక్టోరియా, వైఫ్ ఆఫ్ ఎబినేజర్, మదనపల్లి అని ఇంగ్లీషులో రాసిస్తి. మీరే సూసి, అక్షరాలు బాగుండాయే అమ్మా అంటిరి. మీకు యాడ జ్ఞాపకముంటాది, దినానికి ఎంతమందో. నాకుండాది.

అట్లాంటిదాన్ని ఇప్పుడు యాల నసుగుతాండానని మీకు అనుమానం. భయపడతాండాది, ముసలిదైపోయింది, ధైర్యం సెప్దామని వచ్చినారు. అంతేనా? మీ మొహం సూస్తేనే తెలస్తాండాది. మంచి బిడ్డవి తల్లీ నువ్వు. అదే నాకు ఇంకా కష్టంగా ఉండాది.

నేను పెద్ద సదువులు సదవలేదు గాని ఆస్పత్రి తెలీనిదాన్ని కాదమ్మా. మదనపల్లిలో మిషనాస్పత్రి కాంపౌండులోనే పుట్టి పెరిగినా. మా యమ్మ ఆడ ఆయా. మాత్ర వేళ తప్పితే మా యమ్మ రోగుల్ని ఎట్ల కేకలేసేదో, ఆ కొంగు పట్టుకోని తిరిగి సూసినదాన్ని. ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తా. ఒక పిల్లకి జరమొస్తే వార్డెనమ్మ నన్నే పిలస్తాది, మాత్ర విక్టోరియా చేతికిస్తే మరిచిపోదు అని. అంత పేరు నాకు.

నవ్వు వస్తాండాది ఆ మాట నోట్లోంచి వస్తే.

ఆయన సంగతి మీ ఫైల్లో ఉండాది గాని, మొదలు ఎట్లయిందో మీరెప్పుడూ వినలా. ఆయనది రంగు పని. మా టమోటా మార్కెట్లో ప్లాస్టిక్ క్రేట్లుంటాయి కదా, వాటి మీద మండీల పేర్లు రాస్తాడు. ఎవరి పెట్టెలు వాళ్ళకి తిరిగి రావాల కదా, అందుకు. అచ్చు పెట్టి కొట్టేవాళ్ళు వేరే ఉండారు, ఈయన మాత్రం కుంచె పట్టి చేత్తోనే రాస్తాడు. దినానికి మున్నూరు పెట్టెలు రాసినా ఒక అక్షరం వంకర పోదు.

పోయినేడు ఆగస్టులో ఒక దినం మండీ మునిశేఖర్ నాకు ఫోన్ జేసినాడు. 'అక్కా, అన్న ఏమన్నా తాగొచ్చినాడా' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన జన్మలో తాగలా. వంట సగంలో ఆపి ఆటో ఎక్కి పోయినా, వాణ్ణి నాలుగు తిడదామని.

పోయి సూస్తే పెట్టెలు వరసగా పెట్టుండారు. అన్నింటి మీదా పేరు నడిమధ్యలో మొదలయి, కుడి అంచు కాడికి పోయేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినాయి. ఎడమ సగానికి రంగే తగల్లా. 'ఇదేమయ్యా, ఈ పక్క ఖాళీగా వదిలిపెట్టినావే' అంటే, 'యాడుండాది ఖాళీ, సరిగ్గా సూడు' అంటాడు నాతో. ఆయనకి ఎడమ పక్క అనేది ఒకటుండాదనే తెలీలా. తట్టలో ఎడమ పక్క సంగటి అట్లే ఉంటాది, ఇంకొంచెం పెట్టు అంటాడు. తలనొప్పి నెలగా ఉండాదంట, నాతో సెప్పలా.

ఆ వారమే ఫిట్సొచ్చి మార్కెట్లో పడినాడు, ఎడమ చెయ్యి లేవకుండా పోయింది. మదనపల్లిలో స్కానింగ్ తీసినారు. నిమ్మకాయంత తెల్లగా, సుట్టూ వాపు. ఆ డాక్టరు ఫిల్ము దించకుండానే, గడ్డమ్మా, ట్యూమరు మాదిరుండాది, పెద్దాస్పత్రికి బెరీన తీసకపో అన్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. మీరు కూడా ఈడ మొదట అదే కదా అనుకుంటిరి. సూసినోళ్ళందరికీ అట్లే అగుపడింది.

మాకు పిల్లల్లేరమ్మా. ఇద్దరమే. నేను చర్చికి పోయి పీట మీద తల పెట్టుకోని ఏడ్చినా. అప్పుడు మావాళ్ళు నిలబడినారు, అబద్ధం సెప్పకూడదు. స్త్రీల సమాజంలో గొలుసు ప్రార్థన పెట్టినారు. అంటే గంటకొకరు, రాత్రీ పగలూ తెగకుండా మా ఆయన కోసరం మోకాళ్ళ మీద ఉండేది. మీరు ముక్క తీసి పరీక్షకి పంపి, పది దినాల్లో రిపోర్టొస్తాది అంటిరే, ఆ పది దినాలూ ఆడ గొలుసు తెగలా. సెక్రటరీ ఫ్లారెన్సక్క మూడు దినాలు ఉత్త నీళ్ళతో ఉపవాసముండింది.

పదో దినం రిపోర్టు. గడ్డ కాదు.

మీ పెద్ద డాక్టరు ఆ దినం సానా సేపు సెప్పినాడు. 'మెదడులో రక్తం పారే నాళాలుంటాయి సూడమ్మా, వాటి గోడలు వాసిపోయినాయి, ఆ వాపంతా ఒక తావ కుప్పగా చేరింది, అందుకే స్కానింగులో అచ్చం ట్యూమరు మాదిరే కనపడింది' అన్నాడు. మన ఒంట్లో జబ్బుల మీద కొట్లాడే బలముంటాది కదా, అదే దారి తప్పి మన నాళాల మీద పడిందంట. అరుదుగా వస్తాదంట. మందుకి లొంగతాది, మందు ఆపితే మల్లా లేస్తాది, ఏండ్ల తరబడి వాడాల, ఒక్క దినం కూడా మానకూడదు అని వేలు సూపించి సెప్పినాడు.

అన్నీ విన్నా. తల ఊపినా. నా లోపలికి దిగింది మాత్రం ఆ మొదటి రెండు మాటలే.

కిందికి దిగి ఫ్లారెన్సక్కకి ఫోన్ చేస్తి. 'అక్కా, గడ్డ కాదంట' అంటి. ఆయమ్మ అట్లే ఏడుపందుకుంది. 'దేవుడు తీసేసినాడు కదా విక్టోరియా, తీసేసినాడు కదా' అని. అప్పుడు నాళాలు, వాపు అని యాడ సెప్పేది? ఔనక్కా అంటిని. అది మనసారా అన్న మాటేనమ్మా. ఆ నిమిషంలో నాకూ అట్లే అనిపించింది.

మందులు మొదలుపెడితిరి. నెలకొకసారి ఆ సెలైన్ సూది, దినామూ మాత్రలు. మొహం ఉబ్బి గుండ్రంగా అయిపోయె. ఆకలి ఎంత వేసేదంటే, నేను వండలేక సచ్చినా. అయితే నెల తిరక్కుండానే ఎడమ చెయ్యి లేసింది. మూడో నెలలో స్కానింగ్ తీస్తే ఆ నిమ్మకాయ లేదు. క్రిస్మస్ కి ముందు మల్లా మార్కెట్ కి పోయి పెట్టె మీద పేరు రాసినాడు, ఈ అంచు నించి ఆ అంచు దాకా. మునిశేఖర్ దాన్ని ఫోటో తీసి నాకు పంపినాడు.

కృతజ్ఞత కూటంలో పాస్టరయ్య నన్ను సాక్ష్యం సెప్పమన్నాడు.

మీకు తెలీదేమో, మాలో అది పెద్ద సంగతి. దేవుడు నాకిట్ల చేసినాడు అని అందరి ముందర నిలబడి సెప్పేది. నేను ముప్పై ఏండ్లుగా ఆ చర్చిలో టీ గ్లాసులు కడగతాండా. కూటమైతే వెనక తొట్టి కాడ నేను, గ్లాసులు. నా చేతికి మైకు ఎవరూ ఇయ్యలా, నేనూ అడగలా. పాటలు ఫ్లారెన్సక్క కూతురు పాడతాది, వాక్యం ఇంకెవరో సదవతారు. ఆ దినం నా తడి చెయ్యి కొంగుకి తుడుచుకోని పోయి మైకు పట్టుకున్నా.

ఏం సెప్పినానంటే, స్కానింగులో నిమ్మకాయంత గడ్డ ఉండింది, మీరందరూ ప్రార్థన చేసినారు, ఇప్పుడు స్కానింగులో అది లేదు. అంతే. రెండూ నిజమే కదమ్మా? నడిమధ్యలో ఉండే మందు సంగతి సెప్పలా. అబద్ధం ఒక్కటీ ఆడలా, మధ్యలో ఒక ముక్క మింగేసినా. జనమంతా లేసి నిలబడి స్తోత్రం, స్తోత్రం అన్నారు. ముసలోళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకోని కండ్లకద్దుకున్నారు.

ఇంటికొచ్చినాక మా ఆయన అడిగినాడు. 'సాక్ష్యంలో మాత్రల సంగతి సెప్పలేదే విక్టోరియా, ఆ డాక్టరమ్మ పేరన్నా సెప్పింటే బాగుండు' అని. మీ పేరే. అర్చన డాక్టరమ్మని. 'రెండు నిమిషాల్లో ముగించమన్నారు, యాడ సెప్పేది' అని కసిరినా. రెండు దినాలు మొహం ఎడంగానే పెట్టుకున్నా ఆయనతో. తప్పు నాదైతే నేను ఎక్కువ అరస్తా, అది నా గుణం.

ఆ తర్వాత పిలుపులొచ్చినాయి. అంగళ్లు ఊరి పక్కన ఒక ఇంట్లో కూటం, పెద్దతిప్పసముద్రంలో ఒక తావ. పోయినసోటంతా ముందు వరసలో కుర్చీ. టీ నా చేతికి తెచ్చిచ్చేవాళ్ళు. ఎంత రుచిగా ఉంటాదో తెలుసా మేడం, వేరేవాళ్ళు తెచ్చిచ్చే టీ.

ఉండండి, ఫోన్. ఫ్లారెన్సక్కే. ఎత్తను. పొద్దున్నించి ఐదుసార్లు చేసింది. రేపు ఆపరేషనని మల్లా గొలుసు ప్రార్థన పెట్టినారంట. మోగనీ. అదే ఆగిపోతాది.

ఈ ఏప్రిల్లో, ఈస్టరు ముందు వారం, పుంగనూరులో ఉజ్జీవ కూటాలు, పెద్ద ప్రార్థన సభలు. మావాళ్ళందరం వ్యానులో పోయినాం. షామియానా వేసినారు, నాలుగైదు వందల మంది. నేను సాక్ష్యం సెప్పి దిగబోతాంటే ఫ్లారెన్సక్క స్టేజీ మీదే ఇంకో మైకు పట్టుకోని అడిగింది. మంచికే అడిగింది, నా సాక్ష్యాన్ని ఇంకా పైకెత్తాలని. 'విక్టోరియా, జనానికి సెప్పు, ఇప్పుడు ఆయన ఏమన్నా మందులు వాడతాండాడా?' అని.

ఒక నిమిషం కూడా ఆలోచించలా డాక్టరమ్మా. 'లేదక్కా, ఒక్క మాత్ర కూడా లేదు' అంటి.

మైకులో నా మాట పుంగనూరంతా వినపడింది. అప్పటికి మీ సూదులు అయిపోయి ఒక నెల. మాత్రలు మాత్రం దినామూ రెండు రకాలు. ఆ పొద్దున కూడా నా చేత్తోనే ఇచ్చి వ్యాను ఎక్కినా.

తిరిగొచ్చేటప్పుడు ఫ్లారెన్సక్క నన్ను వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టి తాను వెనక్కి పోయింది. ఎప్పుడూ ఆయమ్మ సీటది.  మదనపల్లిలో దిగేటప్పుడు ఆయమ్మ, 'రేపు మధ్యాన్నం మేమందరం మీ ఇంటికి ప్రార్థనకి వస్తాం' అనింది.

ఇంటికొచ్చి సూస్తే ఫ్రిజ్జు మీద మాత్రల షీట్లు. మీరిచ్చిన చీటీ గోడకి అంటించుండాడు ఆయన, ఏది ఎప్పుడు ఏసుకోవాలో పెద్దక్షరాల్తో రాసి. ఆ అక్షరాలు కూడా ఎంత ముద్దుగుండాయో. నేను చీటీ పీకేసి, షీట్లు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేసినా.

పాస్టరయ్య ఏనాడూ మందులు మానమని సెప్పలా, ఆ మాట గట్టిగా రాసుకోండి. ఆయన కూడా బీపీ మాత్ర ఏసుకుంటాడు, మందు కూడా దేవుడిచ్చిందే అంటాడు. ఫ్లారెన్సక్కకి సుగరు, ఆయమ్మ పర్సులో ఎప్పుడూ మాత్రలుంటాయి. ఎవురి మీదా తొయ్యడానికి లేదు.

ఏందమ్మా? ఏం రాసుకోవాల అంటాండారా. వస్తాండా. ఆడికే వస్తాండా.

మాపటికి ఆయన, 'మాత్రలు యాడ' అన్నాడు. 'ఇంగ అక్కర్లేదు, బాగయిపోయింది కదా' అంటి. ఆయన కోపం చెయ్యలా. 'డాక్టరు ఆపమనలేదు కదా విక్టోరియా. ఆ గొలుసు ప్రార్థనకి దేవుడిచ్చిన జవాబే ఈ మాత్రలేమో. ఇయ్యి' అని చెయ్యి సాపినాడు. పొద్దున ఇస్తాలే అంటి. ఆయన సదివింది ఎనిమిదో క్లాసు. నాకు ఆ జవాబు స్టేజీ మీద తట్టలా, ఆయనకి ఇంట్లో కూర్చోని తట్టింది.

అయినా నాకు మొండితనం పట్టింది. నాలుగొందల మంది ముందర ఒక్క మాత్ర కూడా లేదంటినే. ఇప్పుడు ఈయన ఏసుకుంటే నేను అబద్ధాలకోరు. ఏసుకోకుంటే నా మాట నిజమైపోతాది. అట్ల పోయింది నా బుద్ధి. సెప్పిన అబద్ధాన్ని నిజం చేద్దామని సూసినా.

నిన్న సాయంత్రం మీరు అడిగితిరి కదా, మాత్రలు సరిగ్గా ఏసుకున్నాడా అమ్మా, ఒక్క దినమన్నా మానినాడా అని. నేను సంచిలోంచి ఖాళీ షీట్లు తీసి బల్ల మీద పరిస్తి. మీరు ఒకటొకటి తిప్పి సూసి, లెక్క సరిపోయింది అని ఫైల్లో రాసుకుంటిరి. దాన్ని పట్టుకోనే కదా పెద్ద డాక్టరు, ఇంత పద్ధతిగా మందు వాడినా ఇంకో తావ లేసిందంటే మనం మొదట అనుకున్నదే తప్పేమో, ఇది నిజంగా గడ్డేనేమో, ముక్క తీసి సూడాల్సిందే అన్నాడు.

షీట్లు ఖాళీనే మేడం. ఆయన కడుపులోకి పోలా.

పుంగనూరు నించి వచ్చిన మర్నాడే మెడికల్ షాపుకి పోయి బి కాంప్లెక్సు, కాల్షియం తెచ్చినా. దినామూ పొద్దున టిఫిను అయినాక వంటింట్లోకి పోయి, మీ మాత్రలు షీట్లోంచి నొక్కి సింకులో ఏసి కొళాయి తిప్పుతా. అవి కరగతాంటే ఈ మాత్రలు చిన్న స్టీలు గిన్నెలో ఏసుకోని ఆయన చేతికిస్తా. షీటు పారెయ్యలా, ఆయన సూస్తే లెక్క తెలియాల కదా, మీకూ సూపించాల కదా. ఆయన గిన్నె సూడకుండానే నోట్లో పోసుకోని నీళ్ళు తాగతాడు. తాగి, దేవా నీకు వందనం అంటాడు. దినామూ అంటాడు.

ఒక్కసారి అడిగినాడు, 'ఈ పసుప్పచ్చది మారిందే' అని. 'కంపెనీ మారింది' అంటి. అంతే. మల్లా అడగలా.

మొదటి వారం వాంతులయినాయి, మంచం దిగలా. సింకు కాడ నిలబడి ఒక దినం మాత్ర చేతిలో పట్టుకోని సూసి, మల్లా కొళాయి తిప్పేస్తి. ఆ మర్నాడు లేసి మార్కెట్ కి పోయినాడు. రెండు నెలలు బాగా ఉండాడు. మొహం వాపు దిగి మునుపటి మాదిరి అయినాడు. ఆ రెండు నెలలే నన్ను ముంచినాయి. సూస్తివా, నిజంగానే దేవుడు బాగు చేసినాడు, మాత్రలు ఊరికే అని నాకు నేనే సెప్పుకున్నా. జూన్లో మీ కాడికి చూపించుకోడానికి వచ్చినప్పుడు, భలే సూసుకుంటాండావమ్మా, ఇట్లే ఇస్తా ఉండు అని మీరు నా భుజం తట్టితిరి. అప్పుడన్నా నోరు తెరవచ్చు. తెరవలా.

పోయిన గురువారం పొద్దున ఇంట్లో కూర్చోని, 'విక్టోరియా, గడియారం ఇయ్యి' అన్నాడు. గోడ మీద గడియారం సూపించినా. కాదని తల ఊపి మల్లా, గడియారం, గడియారం అంటాడు. చెంబు సూపిస్తే ఔనని తల ఊపినాడు. నీళ్ళడిగినాడు డాక్టరమ్మా. మధ్యాన్నానికి ఆ గడియారం కూడా పోయింది. కుడి చేతిలో కుంచె నిలబడలా. అన్నీ అర్థమయితాండాయి ఆయనకి, నోరు తెరస్తాడు, లోపల ఏదో ఎతుకుతాడు, దొరక్క మూసేస్తాడు. మొదటి దినం ఏడ్చినాడు. ఇప్పుడు ఏడ్చేది కూడా మానేసినాడు.

ఇంతే. ఏప్రిల్ నించి ఈడ చేర్చేదాకా మీ మాత్ర ఒక్కటి కూడా ఆయన మింగలా. మీ మందు ఓడిపోలా. దానికి పని చేసే దారే నేను ఇయ్యలా. ఇప్పుడు సెప్పండి, ఆ ముక్క తియ్యాలనా? మల్లా ఆ మందులే మొదలుపెడితే సాలదా?

ఊ. పెద్ద డాక్టర్ని అడగాల. సరే. రేపటి ఆపరేషను ఆపి, మల్లా సూది మందు పెట్టి వారం సూడొచ్చేమో అంటాండారు. మాట మాత్రం వస్తాదో రాదో ఇప్పుడు సెప్పలేరు. సరేనమ్మా. వచ్చేదారి మూసెయ్యకుంటే సాలు నాకు.

రాసుకోండి. నా పేరు పెట్టే రాయండి. భార్య ఇయ్యలేదు అని రాయండి. కింద సంతకం పెడతా, ఆ కాగితానికైతే అద్దాలు కూడా అక్కర్లేదు.

మీరు నన్ను తిట్టలా. ఇందాకణ్ణుంచి సూస్తాండా, ఒక్క మాటన్నా అంటారేమోనని. మీ కండ్లల్లో నీళ్ళు తిరగతాండాయి, అంతే. తిడితే కొంచెం తేలికగా ఉండేది.

లేదు, ఆయనకి తెలీదు. ఈ దినం దాకా నేను మందే ఇస్తాండానని అనుకుంటాండాడు. నిన్న కూడా ఎడమ చేత్తో గిన్నె ఎక్కడని సైగ చేసినాడు, ఈడ నర్సమ్మ ఇస్తాదిలే అని సెప్పినా.

ఏందీ, మీరు సెప్తారా? వద్దు తల్లీ. ఆయనతో సెప్పాల్సింది నేనే. ఇప్పుడు మాత్రం సెప్పను. భయపడి కాదు. ఇప్పుడే పోయి కాళ్ళ కాడ కూర్చోని అంతా సెప్పేసి ఏడిస్తే నాకు సుళువే, ఆయన బదులు ఒక్క మాట అనలేడు కదా. మైకు ముందర సెప్పినట్ల మల్లా నేనొక్కదాన్నే మాట్లాడి లేసి వచ్చేస్తా. అట్లా ఒప్పుకోలు నాకొద్దు.

మీరు మందు పెట్టండి. మాట రానీ. మొదట ఏ రెండు మాటలు వస్తాయో రానీ, అప్పుడు ఎదురుగా కూర్చోని సెప్తా. యాల చేస్తివి విక్టోరియా అంటాడేమో. నీ ముఖం సూడనంటాడేమో. ఇన్నేండ్లలో ఆయన నన్ను ఒక్క మాట అన్న పాపాన పోలా. అననీ తల్లీ. నన్ను తిట్టేదానికైనా ఆయనకి మాట రానీ.